డాక్టర్ హృదయం చాక్లెట్ వైద్యం

ఆ బుధవారం ఉదయం సబ్‌ఎడిటర్ పెట్టుకున్న పని ఒక్కటే. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాఫీ తాగి, అందరికంటే అరగంట ముందు ఆఫీసుకు చేరుకుని, ఎడిటర్ మంచి మూడ్‌లో ఉండగానే తన దరఖాస్తు ఆయన చేతిలో పెట్టడం. నన్ను మళ్లీ రాజకీయాల పేజీకి మార్చండి అన్నదే ఆ దరఖాస్తు సారాంశం. ఆ ఒక్క వాక్యాన్ని అతను నాలుగు పేజీలకు సాగదీశాడు. క్లుప్తంగా రాయడం చేతకాక కాదు. తనకు అన్యాయం జరిగిందన్న విషయం వచ్చేసరికి అతని కలానికి బ్రేకులు పడవు.

రెండేళ్ల కిందటి దాకా అతను రాజకీయాల పేజీలోనే ఉండేవాడు. ఒకరోజు, నిక్షేపంలా ఉన్న ఓ మంత్రిగారి ఫోటో కింద వేరొకరి శ్రద్ధాంజలి అచ్చయింది. మంత్రిగారు స్వయంగా ఫోన్ చేసి తాను బతికే ఉన్నట్టు తెలియజేశారు. ఆ సాయంత్రానికల్లా సబ్‌ఎడిటర్‌ను ఆరోగ్యం పేజీలోకి తోసేశారు. ఆ పేజీలో బుధవారం బుధవారం వచ్చే శీర్షికకు రచయిత డాక్టర్ హృదయం. అలాంటి డాక్టరు ఎక్కడా లేడు. అది పత్రిక పెట్టుకున్న పేరు. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటే వాళ్లే హృదయం. ఇతనికి ముందు హృదయంగా ఉన్నాయన ఇప్పుడు క్రికెట్ రాస్తున్నాడు.

వైద్యం గురించి ఈ కొత్త హృదయానికి తెలిసిందల్లా జ్వరం వస్తే పడుకోవాలన్నది. నాలుగుచోట్ల చదివింది ఐదోచోట రాయడం, మధ్యలో "నిపుణులు చెబుతున్నారు" అని రెండుసార్లు చేర్చడం, ఇదీ అతని చికిత్సా విధానం. పాఠకులంటే అతనికి చులకన. "వీళ్లకి ఏది రాసినా ఒకటే. సొరకాయ అన్నా తింటారు, సున్నం అన్నా తింటారు" అని క్యాంటీన్‌లో పెదవి విరిచేవాడు.

ఇంట్లో మాత్రం ఈ సంగతి చెప్పలేదు. ఇంట్లో ఉండేది మరో ఇద్దరే. బడిలో లెక్కలు చెప్పే భార్య ఒకరు, ముప్ఫై ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి, దాన్ని మూసేసి కూతురి దగ్గరికి వచ్చేసిన అత్తగారు ఒకరు. తాను ఇంకా సంపాదకీయాలు రాస్తూ ప్రభుత్వాలను వణికిస్తున్నట్టే వాళ్లకు చెప్పుకొచ్చాడు. సంపాదకీయాల కింద పేరు వెయ్యరు కాబట్టి వణికించడం చాలా సులువుగా సాగిపోయింది.

బల్ల దగ్గర అత్తగారు కళ్లజోడు సవరించుకుని పేపరు విప్పారు. ఆవిడ ఆ పేజీ పైకి చదవందే ఆ ఇంట్లో కాఫీ చల్లారదు.

"విను, అమ్మాయ్. 'డార్క్ చాక్లెట్ గుండెకు నేస్తం. ఇది రక్తనాళాలను సడలిస్తుంది, రక్తపోటును అదుపులో ఉంచుతుంది. మెదడుకు చురుకు, మనసుకు ఉల్లాసం. రోజుకు రెండు చాలు.' చూశావా ఎంత పొందిగ్గా చెప్పారో! రోజుకు రెండు చాలు. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు."

సబ్‌ఎడిటర్ కప్పు వెనక ముసిముసిగా నవ్వుకున్నాడు. నిజానికి రెండు మాటలు తక్కువే. అతను మొదట రాసింది "రోజుకు రెండు చిన్న ముక్కలు చాలు" అని. దాని కింద, అతిగా తింటే వచ్చే ఇబ్బందుల గురించి ఒక పేరా కూడా ఉంది. అయితే ఆఖరి నిమిషంలో పరుపుల కంపెనీ ప్రకటన రెండంగుళాలు పెరిగి కూర్చుంది. జాగ్రత్తల పేరా మొత్తం లేపేశాడు. అయినా ఇంకో లైను మిగిలింది. అప్పుడు "చిన్న ముక్కలు" అన్న మాటలు తీసేశాడు. వాక్యం ఎంత బిగువుగా తయారైందోనని ఆ సాయంత్రమంతా మురిసిపోయాడు.

"అల్లుడుగారూ," అన్నారు అత్తగారు, "మీరు దేశాన్ని ఉద్ధరించి తిరిగొచ్చేటప్పుడు నాకు డార్క్ చాక్లెట్ పట్టుకురండి. పాల చాక్లెట్ కాదు సుమా. నల్లది."

"అలాగే అత్తయ్యగారూ."

"మీరైనా ఇలాంటివి నాలుగు రాయకూడదూ? మనుషులకి పనికొస్తాయి."

ఆఫీసులో ఎడిటర్ దరఖాస్తు అందుకున్నారు, బల్లమీద పెట్టారు, దానిమీద తన టీ కప్పు పెట్టారు. "ఇది తర్వాత చూద్దాం. ముందు ఆ చాక్లెట్ సంగతి చెప్పు. పొద్దుట్నుంచి ఫోన్లే ఫోన్లు! హృదయానికి ఇంత స్పందన ఎప్పుడూ రాలేదయ్యా. వచ్చేవారం కూడా చాక్లెట్టే."

"సార్, నా దరఖాస్తు..."

"ఇంత బాగా రాసేవాణ్ణి మారుస్తానా? నాకేం పిచ్చా?"

సాయంత్రం అతను ఓ పెద్ద చాక్లెట్ బిళ్ల తెచ్చి అత్తగారికి ఇచ్చాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఒకటేనా? డాక్టరుగారు రెండన్నారు."

"రెండంటే రెండు ముక్కలని అయ్యుంటుంది అత్తయ్యగారూ. చిన్న ముక్కలు."

"అయ్యుంటుందా? డాక్టరుగారు అయ్యుంటుందని రాసే మనిషి కాదు. ముక్కలైతే ముక్కలనే రాసేవారు. అయినా అచ్చులో వచ్చిందంటే నలుగురు చూడకుండా వస్తుందా? మీ ఆఫీసే కదా, మీకు తెలియదూ?"

అతనికి తెలుసు. ఆ నలుగురూ తానే. మళ్లీ చెప్పులు వేసుకుని వెళ్లి రెండో బిళ్ల తెచ్చాడు. అక్కడే నిజం చెప్పి ఉంటే కథ ఆ పూటతో ముగిసేది. కానీ నిజం చెప్పాలంటే సంపాదకీయాల సంగతి కూడా చెప్పాలి. అత్తగారి గుండెకంటే ఆ సంపాదకీయాలే అతనికి ముఖ్యమనిపించాయి.

ఆవిడ ఏది చేసినా పద్ధతిగా చేసే మనిషి. పొద్దున ఫలహారంతో ఒక బిళ్ల, మధ్యాహ్నం నాలుగింటికి ఒక బిళ్ల. ఎప్పుడూ తాగే నాలుగు కాఫీలు ఎలాగూ ఉన్నాయి. డాక్టరుగారు కాఫీ మానమని రాయలేదు కాబట్టి మానలేదు. మూడు రోజులకే మార్పు కనిపించింది. మధ్యాహ్నం కునుకు ఎగిరిపోయింది. ఆ సమయంలో అటక మీది సామాను కిందికి, కింది సామాను అటక మీదికి మార్చారు. పుస్తకాలను సైజుల వారీగా సర్దారు, మర్నాడు రంగుల వారీగా సర్దారు. మాట ముందే వేగం, ఇప్పుడు టైపు మిషనైంది.

"ఎంత హుషారుగా ఉందో తెలుసా! రాత్రి రెండింటి దాకా కన్ను మూతపడలేదు. గుండె కూడా ఎంత గట్టిగా కొట్టుకుంటోందో! ఇదివరకు కొట్టుకుంటున్నట్టే తెలిసేది కాదు."

"అది మంచి లక్షణం కాదేమో అత్తయ్యగారూ. కాస్త తగ్గించండి."

"మీరు డాక్టరా?"

ఈ ప్రశ్నకు అతని దగ్గర రెండు జవాబులున్నాయి. రెండూ చెప్పుకోదగ్గవి కావు.

ఆవిడ మంచి విషయం తనలోనే దాచుకునే రకం కూడా కాదు. పార్కులో ఆవిడతోపాటు ఉదయం నడిచే ఆడవాళ్లు ఏడుగురున్నారు. వాళ్ల నాయకురాలు ఎప్పుడూ ఎర్ర బూట్లు వేసుకునే ఓ రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్. నడక బృందం అని పేరే గాని, ఒక రౌండు నడిచి మూడు బెంచీల మీద కూర్చోవడం వాళ్ల అలవాటు. అత్తగారు ఆ శీర్షిక కత్తిరించి తీసుకెళ్లి చదివి వినిపించారు. వారం తిరగకుండా బృందం ఎనిమిది రౌండ్లు నడుస్తోంది. కూర్చుందామన్నా ఎవరికీ కూర్చోబుద్ధి కావడం లేదు. వీధి చివరి దుకాణంలో నల్ల చాక్లెట్ అయిపోయింది. దుకాణందారు తలుపుకు "డాక్టర్ హృదయం సిఫారసు చేసినది" అని కాగితం అంటించి కొత్త సరుకు తెప్పించాడు.

సబ్‌ఎడిటర్ రోజూ ఆ కాగితం ముందునుంచే ఆఫీసుకు వెళ్లాలి. మొదటిరోజు గర్వపడ్డాడు. రెండోరోజు భయపడ్డాడు. మూడోరోజు రోడ్డుకు అవతలి పక్కనుంచి నడిచాడు.

రెండో బుధవారానికి అతను బుద్ధి తెచ్చుకుని, జాగ్రత్తలన్నీ పూసగుచ్చినట్టు రాసుకెళ్లాడు. చిన్న ముక్కలు రెండే, అందులో కొవ్వూ చక్కెరా ఉంటాయి, నిద్ర చెడుతుంది, తలనొప్పీ ఛాతీమంటా రావచ్చు, అన్నీ రాశాడు. ఎడిటర్ చదివి మొహం చిట్లించారు.

"ఏమిటిది? చాక్లెట్ వాళ్లు ఫుల్ పేజీ ప్రకటన ఇస్తుంటే పక్కనే ఈ ఏడుపేమిటి?"

"సార్, జనం బిళ్లలకు బిళ్లలు తినేస్తున్నారు."

"తిననీ. నీ సొమ్మా? శీర్షిక 'మరో ఏడు లాభాలు' అని పెట్టు. మధ్యాహ్నంలోగా కావాలి."

మధ్యాహ్నంలోగా ఏడు లాభాలూ తయారయ్యాయి. ఆరోది దొరక్క కాస్త ఇబ్బంది పడ్డాడు. మిగతా ఆరూ కూడా దొరికినవి కావు.

ఆ మర్నాడు అతని బల్లమీదికి వచ్చిన పాఠకుల ఉత్తరాల్లో ఒకటి చక్కగా టైపు చేసి ఉంది. మార్జిన్లు కొలిచినట్టున్నాయి. రెండో వాక్యానికే అతనికి చెమటలు పట్టాయి.

"పూజ్యులైన డాక్టరుగారికి. మీ సలహా ప్రకారం రోజుకు రెండు బిళ్లలు తింటున్నాను. గుండె దడదడలాడుతోంది, తల దిమ్ముగా ఉంది, మలబద్ధకం కూడా మొదలైంది. ఇవన్నీ గుణం కనిపిస్తున్న లక్షణాలే అనుకుంటున్నాను. మా ఇంట్లో అల్లుడు ఒకరున్నారు. తగ్గించమని ఒకటే పోరు. ఆయన మీ పత్రికలోనే సంపాదకీయాలు రాస్తారట. ఏం రాస్తారో ఎవరమూ చూడలేదు. మనిషి చెడ్డవాడు కాదు, తెలివే కాస్త తక్కువ. ఏం చేయమంటారు?"

అతను ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాడు. మూడుసార్లూ చివరి రెండు వాక్యాల దగ్గరే ఆగిపోయాడు. దేవుడిచ్చిన అవకాశం అనుకుని వెంటనే పత్రిక లెటర్‌హెడ్ మీద జవాబు టైపు చేశాడు. అమ్మా, రెండంటే రెండు చిన్న ముక్కలు, వెంటనే తగ్గించండి, కాఫీ కూడా తగ్గించండి అని. అక్కడ సంతకం పెట్టి ఆపేసి ఉంటే అది అతను జీవితంలో రాసిన ఒకే ఒక్క పనికొచ్చే రచన అయ్యేది. ఆగలేకపోయాడు. కింద ఇంకో నాలుగు లైన్లు చేర్చాడు. "మీ అల్లుడుగారిని నేనెరుగుదును. అపార మేధావి, నిగర్వి. అటువంటి అల్లుడు దొరకడం మీ అదృష్టం. ఆయన మాట వేదవాక్కుగా స్వీకరించండి."

జవాబు ఇంటికి చేరింది. అత్తగారు మొదటి సగం చదివి తలూపారు. రెండో సగం చదివి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

"అమ్మాయ్, ఇలా రా. ఇది డాక్టరుగారు రాసింది కాదు."

"ఎందుకమ్మా?"

"మీ ఆయన్ని మేధావి అని రాశారు. డాక్టరుగారికి అంత అజ్ఞానం ఎక్కడిది? ఈయనే ఆఫీసులో ఎవరి చేతో రాయించి పంపించారు. ముసలిదాని నోటికి తాళం వేద్దామని! పైగా పెద్దాయన పేరు వాడుకుంటారా?"

కూతురు ఆ ఉత్తరం తీసుకుని చదివి, మొగుడి వంక ఓ చూపు చూసి, లెక్కల పేపర్లు దిద్దుకోవడానికి వెళ్లిపోయింది. ఆ రోజునుంచి అత్తగారు పంతం పట్టి మూడో బిళ్ల మొదలుపెట్టారు. అల్లుడు ఎదురుగా ఉన్నప్పుడు మరీ కరకరలాడించి తినేవారు.

తర్వాతి వారం శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి ఆవిడ టైపు మిషన్ ముందు కూర్చుని, డాక్టరుగారి పేరు ఎవరో వాడుకుంటున్నారని పత్రిక యజమానికి ఫిర్యాదు కొడుతున్నారు. టకటకలు హఠాత్తుగా ఆగిపోయాయి. సబ్‌ఎడిటర్ వెళ్లి చూస్తే ఆవిడ కుర్చీలో వెనక్కి వాలిపోయి ఉన్నారు. మొహం పాలిపోయింది, చెయ్యి గుండెమీద ఉంది, నుదుటిమీద చెమట.

"అత్తయ్యగారూ! ఏమైంది?"

"ఏమీ లేదు నాయనా," అన్నారావిడ సన్నగా. "గుణం... కాస్త ఎక్కువైనట్టుంది."

ఆవిడ తనను నాయనా అనడం అతను వినడం అదే మొదటిసారి. అంతవరకూ ఉద్యోగం, పరువు, సంపాదకీయాలు అంటూ ఊగిసలాడిన మనిషి ఒక్కసారిగా అవన్నీ మరిచిపోయాడు. ఆవిణ్ణి చేతులమీద ఎత్తుకుని మెట్లు దిగాడు. భార్య ముందు పరుగెత్తి టాక్సీ ఆపింది. దారి పొడుగునా అతను ఆవిడ చెయ్యి వదల్లేదు. ఆ నాడి ఎంత వేగంగా కొట్టుకుంటోందో లెక్కపెట్టబోయి, లెక్క తప్పి, మళ్లీ మొదలుపెట్టాడు.

గుండె డాక్టరమ్మ క్లినిక్‌లో వెయిటింగ్ హాలు నిండిపోయి ఉంది. ముందువరసలో ఎర్ర బూట్లు. వాటి పక్కన మరో నలుగురు నడక బృందం సభ్యులు, ఒకరు తల పట్టుకుని, ఒకరు పొట్ట పట్టుకుని.

"నువ్వూ వచ్చావా!" అంది ఎర్ర బూట్ల ఆవిడ, అత్తగారిని చూసి సంతోషంగా. "నాకు నాలుగు రోజులుగా నిద్ర లేదు. ఇల్లు మొత్తానికి నేనే సున్నం వేసేశాను."

నర్సు అత్తగారిని లోపలికి తీసుకెళ్లి ఈసీజీ తీసింది. డాక్టరమ్మ పొట్టిగా, గట్టి గొంతుతో ఉంది. కాగితం పైనుంచి కిందిదాకా చూసింది.

"గుండె బాగానే ఉందమ్మా. పరుగెడుతోంది, అంతే. చాక్లెట్ ఎంత తింటున్నారు?"

"రోజుకు రెండు. ఈ మధ్య మూడు."

"ముక్కలా?"

"బిళ్లలు."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "నల్ల చాక్లెట్‌లో కెఫీన్ ఉంటుంది, దాని చుట్టమే ఇంకోటి ఉంటుంది. కాస్త తింటే ఏమీ కాదు, గుండెకు కొద్దో గొప్పో మేలు చేస్తుందని కొందరంటారు కూడా. మూడు బిళ్లలు, నాలుగు కాఫీలా! ఈ వయసులో గుర్రానికి కొరడా దెబ్బలు కొట్టినట్టు. ఈ వారంలో మీరు పదకొండోవారు. అందరూ ఒకే పేరు చెబుతున్నారు. హృదయమట! వాడెవడో దొరికితే ఈ మిషన్ తీగలతోనే కట్టేస్తాను. ఇవాళే పత్రికకు ఫిర్యాదు పంపుతున్నాను."

"ఆయన్ని ఏమీ అనకండి," అని మంచంమీద నుంచే గొంతు పెంచారు అత్తగారు. "దేవుడిలాంటి మనిషి. తప్పు నాదే. నేనే సరిగ్గా అర్థం చేసుకోలేదు."

ఒంటినిండా తీగలతో పడుకుని కూడా ఆవిడ లేని డాక్టరు పరువు కాపాడుతున్నారు. ఇక సబ్‌ఎడిటర్ తట్టుకోలేకపోయాడు. తలుపు తెరిచే ఉంది. హాల్లో వాళ్లంతా వింటున్నారు. అయినా వెనక్కి తగ్గలేదు.

"తప్పు మీది కాదు అత్తయ్యగారూ. డాక్టర్ హృదయం అనేవాడు లేడు. అది నేనే. రెండేళ్లుగా నేనే రాస్తున్నాను. చిన్న ముక్కలు అన్న మాట పేజీలో పట్టక నేనే తీసేశాను. నేను సంపాదకీయాలు రాయడం లేదు. నన్ను క్షమించండి."

మొదట తేరుకున్నది అత్తగారే. నవ్వడం మొదలుపెట్టారు. తీగలు ఊగిపోయేలా నవ్వారు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు.

"మీరా! మీరు డాక్టర్ హృదయమా! ఆయన భాషెక్కడ, మీరెక్కడ అల్లుడుగారూ!" అని, అంతలోనే గొంతు మెత్తబడింది. "చూశావా అమ్మాయ్? నామీద మాట పడకూడదని నింద తన నెత్తిన వేసుకుంటున్నాడు. ఇంత ప్రేమ ఉందని నాకు తెలియనే తెలియదు. నేనే అన్యాయంగా మాట్లాడాను."

"నిజం అత్తయ్యగారూ! నేనే!"

"సరే నాయనా, మీరే, మీరే," అన్నారావిడ, జ్వరం వచ్చిన పిల్లవాణ్ణి ఊరడించినట్టు. హాల్లోనుంచి ఎర్ర బూట్ల ఆవిడ ముక్కు చీదడం వినిపించింది. "అదృష్టవంతురాలివి. మా అల్లుడైతే పలకరించడానికైనా రాడు."

డాక్టరమ్మ కూడా అతని భుజం తట్టింది. "మంచి మనసు మీది. అబద్ధం మాత్రం కాస్త నమ్మేలా చెప్పాలి."

సాయంత్రం అత్తగారు ఇంటికి వచ్చి హాయిగా నిద్రపోయాక, అతను బాల్కనీలో భార్య ముందు తల దించుకుని కూర్చున్నాడు.

"నువ్వైనా నమ్ము. అది నేనే."

"తెలుసు."

"తెలుసా? ఎప్పటినుంచి?"

"మొదటి నెలనుంచే. నాకు మెడ పట్టేసిన వారం ఆయన మెడనొప్పి గురించి రాశారు. అమ్మకు అరికాళ్లు మండితే అరికాళ్ల గురించి. మీ గురక గురించి రెండు వారాలు. ఇంట్లో రోగాలన్నీ వరసగా పేపర్లోకి ఎక్కుతుంటే తెలియదా?"

"మరి అడగలేదేం?"

"ప్రభుత్వాలను వణికిస్తున్నారు కదా, మధ్యలో ఆపడమెందుకని." ఆమె లేచి ఆరిన బట్టలు తీసింది. "అమ్మకు మాత్రం ఇంక చెప్పకండి. ఆవిడకి నమ్మడానికి ఒకరు, తిట్టడానికి ఒకరు కావాలి. ఇద్దరూ ఒకరే అయితే ఆవిడకేం మిగులుతుంది?"

సోమవారం డాక్టరమ్మ ఫిర్యాదు ఎడిటర్ బల్లమీదికి చేరింది. ఆయన నిలువునా వణికిపోయి, జాగ్రత్తలన్నీ పేజీ సగం నిండేలా వేయమన్నారు. సబ్‌ఎడిటర్ ఇదే అదను అనుకున్నాడు.

"నాదే తప్పు సార్. నన్ను ఆ పేజీనుంచి తీసేయండి."

"తీసేస్తే మనం తప్పు చేశామని ఒప్పుకున్నట్టు కాదూ? నువ్వు రిటైరయ్యే దాకా అక్కడే ఉండాలి."

బుధవారం అత్తగారు సవరణ చదివి, అక్షరం పొల్లు పోకుండా పాటించారు. రెండు చిన్న ముక్కలు, రెండే కాఫీలు. "చూశారా, డాక్టరుగారే విడమరిచి చెప్పారు" అన్నారు. తానూ అదే చెప్పానని అల్లుడు అనబోతే, "మీరు చెప్పడం వేరు" అన్నారు.

అతను మాత్రం ఊరుకోలేకపోయాడు. సంపాదకీయాల అబద్ధం రెండేళ్లు నమ్మిన అత్తగారు, ప్రాణం పెట్టి చెప్పిన ఒక్క నిజం నమ్మకపోవడం అతనికి తలకొట్టేసినట్టుంది. చిత్తుప్రతులు తెచ్చి చూపించాడు. తన చేతిరాత చూపించాడు. అత్తగారు ఆ కాగితాలను, ఆపైన అతణ్ణి జాలిగా చూసి, ఓ ఆపిల్ కోసి ఇచ్చారు.

మరుసటి వారం అతని బల్లమీద మళ్లీ ఓ టైపు ఉత్తరం ఉంది. తమ అల్లుడు బంగారం లాంటి మనిషనీ, అయితే ఆస్పత్రి సంఘటన తర్వాత రోజూ తానే డాక్టర్ హృదయాన్నని చెప్పుకుంటున్నాడనీ, ఇది ఏ జబ్బు, ఏ మందు వాడాలని అత్తగారు అడిగారు. అది మందులతో నయమయ్యేది కాదనీ, ఇంట్లోవాళ్లే ఓపిక పట్టాలనీ డాక్టర్ హృదయం ఆ బుధవారం జవాబిచ్చాడు.